తలనొప్పి తగ్గి నష్టపోయిన రైటరు

మెదడులో నీటితిత్తి ఉండటం ఫిల్మ్‌నగర్‌లో పెద్ద అదృష్టం! ఎండోస్కోపీతో దాన్ని నయం చేసే డాక్టర్లే మన పరిశ్రమకు అసలు శత్రువులు.

నవ్వకండి. నేను సినిమా సెట్లకు సోఫాలు, షాండ్లియర్లు అద్దెకిచ్చే వ్యాపారిని. లాభమేదో నష్టమేదో బేరీజు వేసుకోకుండా మాట్లాడను.

మా ఆదినారాయణ సంగతే తీసుకోండి. నిర్మాత త్రినాథరావు గారికి ఆయనే రైటరు. జూబ్లీహిల్స్‌లో స్టోరీ సిట్టింగ్ అంటే ఆయన ఉండాల్సిందే. సెట్ సామాను మాట్లాడుకోవడానికి నేనూ ఓ మూల కూర్చునేవాణ్ణి. ఎందుకంటారా? నిర్మాత గారు కథ చెబుతుంటే ఆదినారాయణ కళ్లు మూసుకుని, కణతలు పట్టుకుని, మెల్లగా తల వంచేవాడు.

"చూశారా, ఎంత లీనమైపోయాడో!" అని నిర్మాత గారు పొంగిపోయేవారు.

అది తలనొప్పి అని ఆదినారాయణ భార్య సత్యలక్ష్మి గారికి తప్ప ఎవరికీ తెలియదు. చూపు కూడా మసకబారుతుంటే ఆవిడే పట్టుబట్టి స్కానింగ్ తీయించింది. తలలో నీళ్లు నిండిన తిత్తి!

పూర్వమైతే పుర్రె పెద్దగా తెరిచేవారట. మనిషి చాన్నాళ్లు మంచం మీదే ఉండేవాడు. ఇప్పుడో? చిన్న చిల్లు, అందులోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం. తిత్తి గోడకు ఓ కిటికీ పెట్టారు. నీళ్లు తమ దారిన తాము పోయాయి. నెల తిరక్కుండా మనిషి సిట్టింగ్‌కి వచ్చేశాడు. ఎంత అన్యాయం!

ఆ రోజు కథలో హీరోకి తల మీద దెబ్బ తగిలి మతి పోయింది. క్లైమాక్స్‌లో ఇంకో దెబ్బ తగిలి తిరిగొచ్చింది. అందరం తలలూపాం. ఆదినారాయణ మాత్రం కళ్లు తెరిచి చూస్తున్నాడు.

"రెండో దెబ్బకి మతి రాదండీ, ప్రాణం పోతుంది," అన్నాడు.

"నీకేం తెలుసయ్యా?" అన్నారు నిర్మాత గారు.

"మొన్ననే తలకి ఆపరేషన్ చేయించుకుని వచ్చానండీ. కావాలంటే మా డాక్టర్ గారిని అడగండి."

"తలకి చిల్లు పడ్డాక నీ కథాజ్ఞానం కాస్తా కారిపోయిందోయ్! ఇంటికెళ్లి రెస్టు తీసుకో."

ఆ రెస్టు ఇంకా నడుస్తోంది. పిక్చర్ చేజారింది. మోతీనగర్‌లో ఆదినారాయణ హాయిగా పేపరు చదువుకుంటున్నాడు, చిన్న అక్షరాలతో సహా. ఇంతకంటే నష్టం ఉంటుందా?

ఆయన కుర్చీలో ఇప్పుడు బసవపున్నయ్య కూర్చుంటున్నాడు. కథ మొదలుకాకముందే కళ్లు మూసి, కణతలు పట్టుకుని, తల వంచేస్తున్నాడు. నాకు భయమేసి ఆయన పక్కకి జరిగి, "ఒకసారి స్కానింగ్ తీయించుకోండి," అన్నాను.

"నాకే జబ్బూ లేదండీ," అన్నాడు, కళ్లు తెరవకుండానే.

నా బెంగంతా అదే. జబ్బైతే ఆపరేషన్ ఉండేది!