మాస్టారి ఏడో వాక్యం

ఆ రోజు పొద్దున ఇవాగావా మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. యాకుషిమా దీవిలో కొండలెక్కడానికి వచ్చే విదేశీయుల కోసం పనికొచ్చే జపనీస్ వాక్యాలు పన్నెండు ఆయన కాగితం మీద రాశారు. పది గంటలకు పర్యాటక సంఘం నుంచి కమియామా వచ్చి చూస్తాడు. నచ్చితే అచ్చు వేయిస్తాడు. నలభై ఏళ్లు బడిలో గొంతు చించుకున్నా మాస్టారిని ఊళ్లో ఒక్కరూ పట్టించుకోలేదు. కనీసం ఈ కాగితం మీదైనా తన పేరు పడాలి. ఆయనకు మిగిలిన ఆశల్లా అదే.

తన ఇంట్లో దిగిన ఫిన్లాండు అమ్మాయి ఐరాకు వారం రోజులుగా ఆ పన్నెండూ వల్లె వేయించారు. అవి తప్ప ఆ పిల్లకు జపనీస్ ముక్క రాదు. దుకాణంలో వరసగా అప్పజెప్పి రమ్మని పంపారు. ఐరా బుద్ధిమంతురాలు. దుకాణం నడిపే షిజుయో అవ్వకు నమస్కారం చెప్పింది, వాన పడుతుందా అని అడిగింది, అలా ఏడో వాక్యానికి వచ్చింది.

"నాతో వచ్చినాయన కొండ దిగి రాలేదండీ."

అవ్వ వెంటనే ఫోనందుకుంది. పావుగంటలో ఊరి మైకు మోగింది. చేపలవాళ్లు, నారింజ తోటలవాళ్లు తాళ్లతో పరుగెత్తుకొచ్చారు. ఆడవాళ్లు అన్నం ముద్దలు చుట్టడం మొదలుపెట్టారు. ఐరా వాళ్లను చూసి ఎనిమిదో వాక్యం చెప్పింది, చాలా రుచిగా ఉందని. పాపం, బెంగతో మతి చెడిందని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

మాస్టారు ఆదరాబాదరా చేరేసరికి కమియామా అక్కడే ఉన్నాడు. "ఒక్క వాక్యానికి ఊరు ఊరంతా కదిలింది మాస్టారూ. ఇది అచ్చేయాల్సిందే."

అంతే, నోటిదాకా వచ్చిన నిజాన్ని మాస్టారు మింగేశారు. కొండదారులు మీకే బాగా తెలుసంటూ ఊళ్లోవాళ్లు ఆయన్నే ముందు నడవమన్నారు. లేని మనిషి కోసం కేకలు పెడుతూ, వెనకున్న వాళ్ల ముఖాలు చూడలేక, ఆయన విడిగా వాగు దారి పట్టారు. పాచి మీద కాలు జారింది. చీలమండ విరిగింది. ఎంత అరిచినా వాగు హోరులో కలిసిపోయింది. కాసేపటికి కింద నుంచి మైకు మాత్రం స్పష్టంగా వినిపించింది. మిగతా వాక్యాలూ వరసగా అప్పజెప్పేసరికి సంగతి తేలిందట, వచ్చినావిడ ఒంటరిగానే వచ్చిందట, అదంతా భాష సాధనట, శ్రమపడ్డందుకు ధన్యవాదాలట, అందరూ ఇళ్లకు వెళ్లవచ్చట. అందరూ వెళ్లారు. ఎందరు తిరిగొచ్చారో లెక్క చూసినవాడు లేడు.

మర్నాడు ఉదయం జింకల వేటగాడు ఒకడు ఆయన్ను మోసుకొచ్చాడు. ఆసుపత్రికి కమియామా వచ్చి, క్షమించమంటూ నడుం విరిగేలా వంగాడు.

"నిన్న సాయంత్రం ఆ అమ్మాయి ఐదిళ్లు తిరిగిందండీ. మాస్టారు కొండ దిగి రాలేదండీ అని."

"మరి మీరేం చేశారు?"

"ఎంత చక్కగా మాట్లాడుతోందో అని మెచ్చుకున్నామండీ. షిజుయో అవ్వయితే చప్పట్లు కూడా కొట్టింది."

మాస్టారు మోచేతి మీద పైకి లేచారు. "పిల్ల ఏడవలేదా?"

"ఏడ్చిందండీ. పాఠంలో అదీ ఉందనుకున్నాం."

కమియామా సంచిలోంచి కాగితం తీశాడు. పైన మాస్టారి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. అచ్చుకు సంఘం ఒప్పుకుందని, ఊళ్లోవాళ్లు కంగారుపడుతున్నారు కాబట్టి ఏడో వాక్యం ఒక్కటీ కొట్టేసిందని చెప్పాడు.

మాస్టారు కళ్లు తుడుచుకుని, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగారు.