ఆడచేపలపై విచారణ

మన నదిలోని మగచేపల పొట్టల్లో గుడ్లు కనిపిస్తున్న విషయమై ఏర్పాటైన విచారణ సంఘం తన పనిని దిగ్విజయంగా ముగించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. తప్పు ఆడచేపలదేనని తేలింది.

సంఘానికి అధ్యక్షులు మత్స్యశాఖ పెద్ద అధికారిగారు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ చేపలను దగ్గరగా చూస్తున్న మనిషి, ముఖ్యంగా పళ్ళెంలో. ప్రయోగశాల వారు ఆయన ముందు ఒక సీసాలో నల్లటి బురద పెట్టారు. సబ్బుల ఫ్యాక్టరీ కాలువ నదిలో కలిసేచోట అడుగునుంచి తీసిన బురద అది. ఆడవాళ్ళ ఒంట్లో ఉండే హార్మోనులా పనిచేసే రసాయనాలు అందులో పేరుకున్నాయనీ, మగచేపలను అవే పాడుచేస్తున్నాయనీ, ఊరి కుళాయిల్లో వచ్చేదీ ఆ నీళ్ళేననీ విన్నవించారు. అధికారిగారు సీసా వాసన చూసి మూత బిగించారు.

"సబ్బు వాసనేగా వస్తోంది! అంటే శుభ్రంగా ఉన్నట్టే" అని సెలవిచ్చారు.

ఆ తర్వాత లేచి నిలబడి ఉపన్యసించారు. "మగచేపకి గుడ్లెందుకొచ్చాయి? ఇంట్లో ఆడది తన బాధ్యత గాలికొదిలేయబట్టి! పాపం, ఆ బరువు కూడా వాడే నెత్తిన వేసుకున్నాడు. ఇది లోపం కాదు, త్యాగం!"

చప్పట్లు మోగాయి. ఫ్యాక్టరీ యజమాని కూడా సంఘంలో సభ్యుడే కాబట్టి కళ్ళొత్తుకున్నారు. ఉన్న ఆడచేపలను ఏరిపారేసి వేరే నదినుంచి కొత్తవి తెచ్చి వదలాలనీ, మగచేపలను పరీక్షల పేరుతో అవమానించరాదనీ తీర్మానించారు.

ఈ అనుభవం అధికారిగారికి ఇంట్లోనూ అక్కరకొచ్చింది. కొడుక్కి పెళ్ళయి చాలాకాలమైనా పిల్లలు లేరు. కోడలు చేయించుకోని పరీక్ష లేదు. అన్నిటిలోనూ ఆమె బాగానే ఉంది. ఈసారి అబ్బాయిని తీసుకురమ్మంది డాక్టరమ్మ. అత్తగారు అగ్గిమీద గుగ్గిలమైంది.

"మగపిల్లాడికి పరీక్షలేమిటే? వాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు!"

గుండ్రాయి తలూపి టీవీ సౌండు పెంచుకున్నాడు. ఇంట్లోనూ సంఘం కూర్చుంది. అదే అధ్యక్షుడు, అదే తీర్మానం.

కోడలు పెట్టె సర్దుకుని హాల్లోకి వచ్చింది. కుళాయి కింద గ్లాసు నింపి మామగారి ముందు పెట్టింది.

"నేను వెళ్ళిపోతాను, సరే. కొత్తగా వచ్చే పిల్లకి కూడా ఈ నీళ్ళేనా మామయ్యగారూ?"

ఆ ప్రశ్న సంఘం పరిధిలోకి రాదని తీర్మానించారు. అధికారిగారు దాహంగా ఉండి ఆ నీళ్ళు తాగేశారు.

నదిలోకి కొత్త ఆడచేపలు వచ్చాయి. మగచేపల త్యాగం మాత్రం ఆగలేదు. కొత్తవాటి ప్రవర్తన మీద సంఘానికి అప్పుడే అనుమానం మొదలైంది.

అధికారిగారి అబ్బాయికి కూడా సంబంధాలు చూస్తున్నారు. బుద్ధిమంతుడు, సొంత ఇల్లు, కుళాయిలో ఎప్పుడూ నది నీళ్ళే. మీ అమ్మాయి ఆరోగ్యంగా ఉందని డాక్టరు కాగితం ఒకటి తెస్తే చాలు. అబ్బాయి కాగితం మీరెలాగూ అడగరు కదా.