కడిగిన ముత్యంలాంటి పురుగుల బుట్ట

రెక్క ఉన్న ప్రతిదానికీ లెక్క ఉండి తీరాలి. ఈ మహదాశయంతోనే రెండువేల నాలుగులో 'ఎగిరే పురుగుల దీర్ఘకాలిక ధోరణుల పరిశీలనా విభాగం' పుట్టింది. (ఆ పేరు పూర్తిగా పలికేలోపు దోమ తాతయిపోతుంది.) ఇటిక్యాల దగ్గరి ఓ పల్లెలో, నాగేంద్రమ్మ పత్తిచేను గట్టున విభాగం వారు దీపపు ఎర పాతారు. పైన బల్బు, కింద గరాటు, దాని కింద బుట్ట. వెలుగుకు ఆశపడ్డ పురుగు బుట్టలో పడాలి. సోమవారం పరిశీలకుడు మహిపాల్ వచ్చి లెక్కపెట్టాలి.

నాగేంద్రమ్మకు చెప్పింది ఒక్కటే: "సోమారం సారొస్తడు, బుట్ట పైలం."

సారొస్తున్నాడంటే వాకిలి ఊడ్చి అలుకుచల్లే మనిషి ఆమె. ప్రతి సోమవారం పొద్దున్నే పురుగులను అవతల పారబోసి, బుట్టను బూడిదతో తోమి, పసుపూ బొట్టూ పెట్టేది. మహిపాల్ తొంగిచూసి, తృప్తిగా 'సున్న' వేసుకునేవాడు. ఏళ్లు గడిచాయి. ధోరణి గీత నేలకు అతుక్కుపోయింది. ఊరి మొదట్లో 'పురుగురహిత గ్రామం' అని బోర్డు వెలిసింది. (దాని మీద పురుగులే వాలాయి.)

ఈలోగా నాగేంద్రమ్మ పత్తికాయలు జల్లెడలయ్యాయి.

"సారూ, సబ్సిడీ మందు నాక్కూడ ఇయ్యిండ్రి. చేను పోతే నేనేం తినాలె?"

"పురుగులున్న ఊర్లకే మందమ్మా. మీ ఊర్ల లేవు గద."

"మరి నా చేన్ల మేసేటియి ఏంది, మేకలా?"

"ఏమో. మా లెక్కల లేనియి."

ఆమెకు ఒళ్లు మండింది. పంచాయతీ ముందు అందరూ వినేలా అరిచింది: "సోమారం సోమారం బుట్టెడు పురుగులు పారబోసి, తోమి తోమి నా గోర్లరిగిపాయె. గింత మందియ్యనీకె చేతులు రావా?"

పక్కచేను ఫకీర్ నెత్తి కొట్టుకున్నాడు. "అరె నాగేంద్రక్కా, ఆ పురుగులనే సారు లెక్కవెట్టేది!"

"గట్లనా! మరి సారు ముందల గలీజు బుట్ట ఎట్ల పెడ్తరు?"

ఊరంతటికీ అర్థమైంది. కాస్త ఆలస్యంగా మహిపాల్‌కు కూడా.

మరుసటి సోమవారం ఆమె బుట్టను ముట్టలేదు. అది నిండి, పొర్లి, గట్టు మీదికి పారింది. మహిపాల్ చాలాసేపు చూసి, ఎరను ఊడబీకి జీపులో వేయించాడు.

"ఏమైంది సారూ?"

"ఇన్నేండ్లు మంచిగ పనిచేసిందమ్మా. ఇప్పుడు చెడిపోయింది."

"మరి నా మందు?"

"రిపేరై వచ్చేదాంక పాత సున్ననే నడుస్తది."