దుర్గాశ్రీ గారి ఈనె పుల్లల పరిమళం

ఇంట్లో తయారుచేసి అమ్మే రీడ్ డిఫ్యూజర్ ఈ శతాబ్దంలో గోదావరి జిల్లాలకు దక్కిన మహాభాగ్యమని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. అందులోనూ వాసన రాని డిఫ్యూజర్ అయితే పూర్వజన్మ సుకృతం ఉండాలి!

తెలియనివారి కోసం చెబుతాను. చిన్న గాజుసీసా, దాన్నిండా సువాసన నూనె, మూతిలో అరడజను పుల్లలు. పుల్లలు నూనెను పీల్చి పైకి తెస్తే గదంతా ఘుమఘుమలాడాలి. నిప్పు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

రాజమండ్రి దానవాయిపేటలో మా కింది ఫ్లాటు దుర్గాశ్రీ గారు ఆర్నెల్ల కిందట వీటి తయారీ మొదలుపెట్టారు. అంతకుముందు ఓ ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేవారు. ఆ ఉద్యోగం మానేసి, పది వీడియోలు చూసి, మల్లెనూనె కొరియర్లో తెప్పించారు. పూలతోటల కడియం పక్కనే ఉండగా మల్లె వాసన కొరియర్లోనా అని అడక్కండి. పక్కూరి పువ్వుకు బ్రాండు ఎక్కడుంది?

పుల్లల దగ్గర మాత్రం ఆవిడకు అభిమానం పొడుచుకొచ్చింది. వీడియోలో పేము పుల్లలు వాడమన్నారు. "కొబ్బరిచెట్ల మధ్య పుట్టి పుల్లలు బయట కొంటామా బాబాయిగారూ? నవ్విపోరూ!" అన్నారు. కోనసీమ నుంచి వారం వారం చీపుళ్లు తెచ్చి అమ్మే పాపాయి అనే ఆవిడకు కట్టలకొద్దీ కొబ్బరి ఈనెలు పురమాయించారు.

సీసా చూడముచ్చటగా ఉంది. వాసనే రాలేదు. రోజంతా నూనె కలిపే ఆవిడ ముక్కుకు మాత్రం ఆ సంగతి తెలియలేదు.

అయినా మనది మర్యాదల సీమ కదా! వాకిట్లోకొచ్చిన అల్లుడి చేత కాఫీ బాలేదని చెప్పించగలరా ఎవరైనా? ఆవిడ భర్త సత్యప్రసాద్ "ఆఫీసుదాకా వస్తోంది వాసన" అన్నాడు. చర్చిలో పాటలు పాడే దేవకుమారి గారు "ప్రార్థనలో మనసు నిలిచిందండి" అన్నారు. ముప్పై ఏళ్లుగా సైనస్‌తో ముక్కు మూసుకుపోయిన బుల్లియ్య గారైతే "ఇంత తేటైన వాసన నా జన్మలో ఎరగనండి" అని ఏకంగా నాలుగు సీసాలు కొన్నారు. నా వంతుగా నేను రోజూ మెట్లు దిగుతూ ముక్కు ఎగబీల్చి "ఆహా! దివ్యంగా ఉందమ్మా!" అనేవాణ్ణి.

లాభాలు మాత్రం తక్కువా? తలనొప్పి రాదు. పెసరట్టు వాసనకు అడ్డు తగలదు. సీసాలో నూనె చుక్క తరగదు. తాతలు కొంటే మనవలు వాడుకోవచ్చు!

తరగకపోవడమే తంటా అయింది. కొన్నవాళ్లెవరూ మళ్లీ కొనలేదు. ఒకరోజు దుర్గాశ్రీ గారు మెట్ల మీద నన్ను ఆపారు. ఎగ్జిబిషన్‌లో స్టాలు తీసుకున్నారట. రెండొందల సీసాలు సిద్ధమట. "నా చేత్తో చేసింది నలుగురూ మళ్లీ అడిగి తీసుకెళ్లాలని ఉంది బాబాయిగారూ. నిజం చెప్పండి, ఏదైనా లోటుందా?" అన్నారు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"దివ్యంగా ఉందమ్మా" అన్నాను.

ఎగ్జిబిషన్‌కు రెండు రోజుల ముందు పాపాయి ఈనెల కట్ట దింపడానికి వచ్చింది. నేను అక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నాను. వరసగా పేర్చిన సీసాలను చూసి, "ఈ పుల్లలు దేనికండి అమ్మగారూ?" అని అడిగింది.

"నూనె పీల్చి పైకి తేవడానికి పాపాయీ."

పాపాయి పకపకా నవ్వింది. "ఈనె ఎక్కడన్నా పీలుస్తాదాండి! తడి పీల్చేదైతే చీపురు వారానికే కుళ్లిపోదాండి? పీల్చదనే కదండీ మేం చీపుళ్లు కట్టేది!"

దుర్గాశ్రీ గారు ఒక ఈనె తీసి వాసన చూశారు. నూనెలో మునిగిన కొస దగ్గర మల్లె, పైన కొబ్బరాకు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా వైపు తిరిగి, "ఆర్నెల్లు, బాబాయిగారూ!" అన్నారు. నేను కాఫీగ్లాసులో తలదాచుకున్నాను.

"గోదారి లంకలో రెల్లు ఉందిగాండి. లోపలంతా బెండే. అది పీలుస్తాదండి" అంది పాపాయి. మర్నాడు పొద్దున్నే మోపు తెచ్చింది. ఇద్దరూ కూర్చుని రెండొందల సీసాల్లో పుల్లలు మార్చారు. సాయంత్రానికి మల్లె వాసన మెట్లెక్కి, తలుపు తోసుకుని మా ఇంట్లోకి వచ్చింది. స్టాలు రెండో రోజుకే ఖాళీ అయింది. కొన్నవాళ్లు మళ్లీ ఫోన్లు చేస్తున్నారు. ఇప్పుడు ప్రతి రకం సీసానూ ముందు పాపాయి వాసన చూస్తుంది. ఆవిడ బాగుందంటేనే అమ్మకానికి వెళ్తుంది.

నాకు తలనొప్పి పట్టుకున్న మాట నిజమే. కానీ అది మల్లె వాసన వల్ల కాదు.

మొన్న మెట్ల మీద దుర్గాశ్రీ గారు ఎదురుపడి చల్లగా నవ్వారు. "పేపర్లో మీ కాలమ్ వారం వారం చదువుతాం బాబాయిగారూ. దివ్యంగా ఉంటుంది!" అన్నారు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. నాదే!

పదకొండేళ్లుగా రాస్తున్నాను. ఈ ఊళ్లో ఒక్కరంటే ఒక్కరు బాలేదనలేదు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం మానేసింది. ఇక ఆగలేక నిన్న పేపరు పట్టుకుని పాపాయి దగ్గరికే వెళ్లాను. "చూడు పాపాయీ, ఇది నేను రాసిందే. ఎలా ఉంటుందో నిజం చెప్పాలి" అన్నాను.

పాపాయి పేపరు అందుకుని, నా ఫొటో ఉన్న పేజీని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఆయ్, ఈ పేజీ నాకు తెలుసండి బాబుగారూ. బజ్జీలు దీంట్లోనే కట్టిస్తారు. నూనె మాత్రం బాగా పీలుస్తాదండి!"