యజమాని పరిశీలనలో ఉన్న సెలవు

యజమానికీ పనివాడికీ నడుమ వేల ఏళ్లుగా సాగుతున్న తగాదాను కువైట్‌లో మంగఫ్‌లోని ఒక నీళ్ల ట్యాంకర్ల కంపెనీ పోయిన నెల పరిష్కరించింది. ఇద్దరినీ ఒకే మనిషిని చేసింది.

పథకం పేరు ‘నీ బండికి నువ్వే దొర’. తొమ్మిదేళ్లు ఒకే ట్యాంకరు తోలినవాడికి ఆ ట్యాంకరునే ఇచ్చేస్తారు. టైర్లు, డీజిలు, జరిమానాలు, ఎండకు చిట్లే అద్దాలు కొత్త యజమానివి. రిజిస్ట్రేషన్ కాగితం, రెండో తాళంచెవి, ఏ రోజు ఎక్కడ నీళ్లు పోయాలో చెప్పే అధికారం మాత్రం కంపెనీవి. (ఒప్పందంలో ఈ మూడింటినీ ‘చిల్లర విషయాలు’ అన్నారు.)

అర్హుల జాబితాలో మొదటి పేరు ఈశ్వరయ్యది. రాయచోటి దగ్గరి మనిషి. ఆ ట్యాంకరు రెండో గేరు ఎప్పుడు మొరాయిస్తుందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

యాజమాన్య ప్రదాన విభాగానికి అధిపతి, గుమాస్తా, బంట్రోతు అన్నీ విజయవాడ రామ్మోహనే.

“సార్, బండి నా పేరు మీద రాస్తారా?”

“పేరు కఫీల్‌దేనండీ, మనకు వీసా ఇచ్చిన అరబ్బు దొరది. బాధ్యత మీది. పేరుదేముంది ఈశ్వరయ్య గారూ, ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. బాధ్యత శాశ్వతం.”

“మరి నేను ఆపల్ల అనుకుంటే బండి ఆపుకోవచ్చునా?”

“తొమ్మిదో షరతు చూడండి. యజమాని తన బండిని ఎప్పుడైనా ఆపుకోవచ్చు.” రామ్మోహన్ కాగితం మీద బొటనవేలు కొంచెం జరిపాడు. “కంపెనీ అనుమతితో.”

ఈశ్వరయ్య చెవికి మొదటి సగమే ఎక్కింది. నాలుగేళ్ల కిందట ఊర్లో భార్య గంగులమ్మ మంచం పట్టినప్పుడు అతను ఇరవై రోజుల సెలవు అడిగాడు. బండి ఆగిపోతుందన్నారు. ఇస్తామనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు; ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. పన్నెండో రోజున ఆమె పోయింది. పరిశీలన ఉండిపోయింది. బండి తనదే అయితే ఆపడానికి ఇంకొకడిని అడిగే పని ఉండదని అప్పటినుంచీ అతని మనసులో ఉంది.

గదిలో ఈ మాట చెబితే పక్క మంచం చిన్నపుల్లయ్య ఎర్రగడ్డలు తరుగుతూ నవ్వాడు.

“బాగుండాదన్నా. ఎద్దుకు కాడి రాసిచ్చినట్టుండాది.”

“నీకేం తెలుసురా? ఓనరంటే ఓనరే.”

“అవున్లే ఓనర్ సార్. లేటుగా వస్తే ఇంక నిన్ను నువ్వే తిట్టుకోవాల. అరబ్బీలో తిట్టుకో, పద్ధతిగా ఉంటాది.”

ఈశ్వరయ్య పట్టించుకోలేదు. గురువారం పొద్దున్నే ట్యాంకరు కడిగి, బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి సంతకానికి వెళ్లాడు. రామ్మోహన్ ఒప్పందానికి ముందు ఇంకో కాగితం తీశాడు.

“బండితోపాటు బండి మీద ఉన్న పెండింగులు కూడా కొత్త యజమానికే సంక్రమిస్తాయండీ. ఒక్కటే ఉంది. తేల్చేయండి.”

అది ఈశ్వరయ్య పెట్టుకున్న దరఖాస్తే. కారణం: భార్యను దగ్గరుండి చూసుకోవడానికి.

“ఇప్పుడు ఇదెందుకు సార్? మనిషే లేదే.”

“మనిషి ఉందా అని ఫారంలో అడగలేదండీ. మంజూరా, తిరస్కారమా, అంతే. మంజూరు చేస్తే సెలవు ఇవాళ్టినుంచే మొదలు. సెలవులో ఉన్నవాడికి బండి ఇవ్వకూడదు, ‘ఒకే ట్యాంకరు’ నియమం సడలించి వరసలో తర్వాతివాడు సురేష్‌కి ఇచ్చేస్తాం. తిరస్కరిస్తే కారణం రాయాలి.” గొంతు తగ్గించాడు. “కొట్టేయండి, ఖలాస్. ‘బండి ఆగిపోతుంది’ అంటే చాలు.”

(తరచూ అవసరమయ్యే మాట గనక దాన్ని రబ్బరు స్టాంపుగా చేయించి ఉంచారు.)

ఈశ్వరయ్య స్టాంపు చేతిలోకి తీసుకున్నాడు. కిటికీలోంచి తడి ఆరని ట్యాంకరు కనిపిస్తోంది. సిరా అద్దాడు. కాగితం మీద వేయకుండానే స్టాంపును బల్ల మీద పెట్టేశాడు.

“ఈ మాట వాళ్లు రాయల్ల సార్. నేను రాయను.”

‘మంజూరు’ అన్న గడిలో సంతకం చేశాడు. ఆ సంతకంతో యజమాని అయ్యాడు, ఆ సంతకంతోనే కాకుండా పోయాడు. (కంపెనీ చరిత్రలో ఒక్క జరిమానా కూడా పడని యజమాని అతనొక్కడే.)

మధ్యాహ్నానికి సురేష్ నిమ్మకాయలు కూడా విప్పకుండా బండి తీశాడు. రామ్మోహన్ గోడ మీది బోర్డులో ‘పెండింగ్: సున్నా’ అని రాసి, దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఈశ్వరయ్యకు మంజూరు కాగితం అందింది. ఇరవై రోజులు, భార్యను చూసుకోవడానికి. అడుగున చిన్న అక్షరాల్లో ఒక షరతు అచ్చయి ఉంది: సెలవు మంజూరైన సంగతి సదరు రోగికి తెలియజేయవలసిన బాధ్యత దరఖాస్తుదారుడిదే.