ఫారం వెనకవైపు

ఆ గురువారం పొద్దున గ్లోరియా వేసుకున్న ప్లాను చిన్నదే. తమ వరుసలోని నలభై క్వార్టర్లకు నలభై ఫారాలు పంచాలి. రెండు మూడు రోజుల్లో తిరిగి తెచ్చుకుని, లెక్కగట్టి, కాలేజీలో ఇవ్వాలి. డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు అది. సముద్రం నడుమ ఎక్కడో ఉన్న చిన్న ద్వీప దేశంలో ప్రజాస్వామ్యం, మనిషి స్వేచ్ఛ ఎంత ఉన్నాయో ఎవరో కొలిచి నూటికి తొంభై మూడు మార్కులు వేశారట. ఆ ఇరవై ఐదు ప్రశ్నలనే గోదావరిఖనిలో అడిగి, మనకెన్ని వస్తాయో చూడమన్నారు సదయ్య సారు.

"ఆ దేశంల ప్రధానమంత్రిని బజార్ల నిలవెట్టి తిట్టొచ్చట అత్తమ్మా," అంది గ్లోరియా.

సాయమ్మ ఆమె మేనత్త. బొగ్గుబాయిలో పనిచేసే భర్త పోయి క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, ఆమె తమ్ముడు, గ్లోరియా నాన్న సామ్యేల్, వరుసలో చాలామందిలాగే తన క్వార్టరు పెరట్లో అనుమతి లేని రేకుల షెడ్డు వేసి ఆమెను తెచ్చుకున్నాడు. ఆరేళ్లుగా ఆమెకు వంట, పడక, ప్రార్థన అన్నీ అందులోనే.

"తిట్టినంక మళ్ల ఇంటికొచ్చి పండుకుంటరా?" అని అడిగింది సాయమ్మ.

"పండుకుంటరట."

"అయితే మంచి దేశమే."

ఫారాలకు కాగితం కావాలి. సామ్యేల్ కంపెనీ క్వార్టర్ల ఆఫీసులో అటెండరు. అక్కడ పారేసే, ఒకవైపు తెల్లగా ఉన్న కాగితాలను ఇంటికి తేవడం అతని ఇరవై ఏళ్ల అలవాటు. గ్లోరియా ఎక్కాల కాలం నుంచీ వాటి మీదే చదువుకుంది. వెనకాల ఏముందో చూడడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. మంచం కింది కట్టలోంచి నలభై తీసి, జిరాక్సు షాపులో వాటి మీదే ప్రశ్నలు కొట్టించి, ఇల్లిల్లూ పంచి వచ్చింది.

పక్కింటి రాయమల్లు షిఫ్టు దిగి వచ్చి, ఫారాన్ని ముందువైపు ఒకసారి, వెనకవైపు నాలుగుసార్లు చదివాడు.

"పూలా, గిటు రా. గిది ఎవ్వలిచ్చిండ్రు?"

"సామ్యేలన్న బిడ్డ," అంది భార్య పూలమ్మ.

"ఆయన చేసుడు ఏ ఆఫీసుల?"

పూలమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. "ఏమున్నది అండ్ల?"

"ముందర, 'మీరు భయం లేకుండా బతుకుతున్నారా' అని అడిగిండ్రు."

"ఎనుక?"

"ఏడు రోజులల్ల షెడ్డు తియ్యకుంటే క్వార్టరు రద్దు అన్నరు. తేదీ గూడ ఎయ్యలే."

గ్లోరియా పరుగెత్తుకొచ్చింది. "కాకా, ఎనుకది ఆఫీసుల పారేసిన పాత నోటీసు, అందరి ఫారాల మీద గదే ఉన్నది. చూడకుండ్రి. ముందటిదానికి జవాబు రాస్తె సాలు."

"ముందటిది అడుగుతరు, ఎనుకటిది చేస్తరు బిడ్డా. ముప్పై ఏండ్ల సర్వీసు నాది."

డ్యూటీ దిగిన సామ్యేల్ గడప గడపకూ తిరిగి బైబిలు మీద ఒట్టేసి చెప్పాడు, అది చెత్త కాగితమని. దాంతో ఎవరికైనా మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది. "గా ఆఫీసోడే వచ్చి ఏం లేదంటుండంటె, పక్కా ఉన్నట్టే," అంది పూలమ్మ.

సాయంత్రం నల్లా దగ్గర మీటింగు పెట్టాడు యూనియన్ లీడరు నర్సింగం. "అందరు ఒక్క తీరుగ రాయాలె. ఏదడిగినా మంచిగున్నదనే రాయిండ్రి."

"'పోలీసులు మీ ఇంట్లోకి చొరబడతారా' అని ఉన్నదన్నా," అన్నాడెవరో.

"మంచిగున్నదని రాయి."

ఆదివారం నాటికి వరుసలో ముప్పై షెడ్లు నేలకొరిగాయి. ఎవరివి వారే కూల్చుకున్నారు. రాయమల్లు తన షెడ్డులో ఉంటున్న తమ్ముడు సంపత్‌ను, మరదలిని, వాళ్ల స్టవ్వును బసంత్‌నగర్ బస్సెక్కించి వచ్చి, రేకులు ఒక్కొక్కటిగా విప్పాడు. అది చెత్త కాగితమని నిజంగా తెలిసినవాడు సామ్యేల్ ఒక్కడే కనుక, అతని షెడ్డు ఒక్కటే నిలిచింది.

సోమవారం నర్సింగం వరుసనంతా వెంటేసుకుని ఆఫీసుకు వెళ్లాడు. "సార్, గడువులనే షెడ్లు తీసేసినం. క్వార్టర్లు రద్దు చెయ్యద్దు."

ఆఫీసరు కాగితాన్ని రెండువైపులా చూశాడు. "ఈ నోటీసు ఎవరు పంపారు? ఇది రద్దయి తొమ్మిదేళ్లయింది. అసలు మీకు షెడ్లున్నాయని మాకు తెలియదే!"

మూలన నిలబడ్డ సామ్యేల్ నేల చూస్తున్నాడు.

"మరి మా షెడ్లు?" అన్నాడు రాయమల్లు.

"అనుమతి లేనివాటిని మీరే తీసేసుకున్నారు. చాలా సంతోషం."

రాయమల్లు తువ్వాలును చేతికి చుట్టుకుని, విప్పుకున్నాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు: "అన్ని పోలేదు సార్. ఒక్కటి మిగిలింది."

ఆఫీసరు జీపులో వచ్చి చూశాడు. ఇన్నేళ్లూ ముప్పై షెడ్ల నడుమ కనబడని సాయమ్మ షెడ్డు, బోడిగా మిగిలిన వరుసలో రోడ్డు మీదికే కనబడుతోంది. చూసిన తర్వాత చూడనట్టు ఉండడం ఆయన ఉద్యోగానికి కుదరదు. మర్నాడు కొత్త నోటీసు తయారైంది, సీలుతో సహా. నోటీసులు ఇళ్లకు చేర్చడం అటెండరు పని. సామ్యేల్ దాన్ని జేబులో పెట్టుకుని, సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఎన్ని రోజులురా?" అని అడిగింది సాయమ్మ.

"ఏడు, అక్కా."

"నేను ఎవ్వల్ని తిట్టనన్న తిట్టలే గదరా."

సామ్యేల్ సంతకం కోసం పెన్ను తీశాడు. సాయమ్మ వేలిముద్ర వేసింది.

గ్లోరియా ఫారాలు లెక్కగట్టింది. ముప్పై తొమ్మిదింటిలో ఇరవై ఐదు ప్రశ్నలకూ ఒకటే జవాబు: మంచిగున్నది. నలభయ్యోది తమ ఇంటిది. "నీకు ఏం రాయాలె అత్తమ్మా?" అని అడిగింది.

"అందరు రాసిందే రాయి బిడ్డా," అంది సాయమ్మ, గిన్నెలు సంచిలో సర్దుతూ. "రేపు ఇంకో తాన తలదాచుకోవాలె."

మంచం కింద కట్ట అయిపోయింది. కొత్త నోటీసు వెనకవైపు తెల్లగా ఉండడంతో, నూటికి తొంభై మూడు తెచ్చుకున్న ఆ ద్వీప దేశం కంటే తమ వరుస ఏడు మార్కులు ముందుందని గ్లోరియా దాని మీదే రాసింది.