ప్రశ్నలు బాగుచేసే యాప్

పత్రికలకు సంపూర్ణ స్వేచ్ఛ ఇస్తున్నట్టు సమాచార శాఖ మంత్రిగారు సోమవారం పదకొండు గంటలకు ప్రకటించారు. పదకొండుంబావుకల్లా అది అమల్లోకి వచ్చేసింది. ఇకమీదట ఏ విలేకరైనా ఏ ప్రశ్నయినా అడగొచ్చు. కాకపోతే నోటితో కాదు, యాప్‌లో టైప్ చేసి అడగాలి. పాపం అరిచి అరిచి విలేకరుల గొంతులు పోతున్నాయని మంత్రిగారు ఎంతో బాధపడ్డారు.

ఆ యాప్ తయారుచేసే మహద్భాగ్యం ఒక కాంట్రాక్టు ప్రోగ్రామరుకి దక్కింది. మూడేసి నెలల కాంట్రాక్టు మీద అతగాడు నాలుగేళ్లుగా ఆ ఆఫీసులోనే నెట్టుకొస్తున్నాడు. అత్తగారు అతన్ని ఎవరికి చూపించినా, "మా అల్లుడండీ, ఇంకా పర్మనెంటు కాలేదు" అనేది. అల్లుడిగానే పర్మనెంటు కాలేదేమోనని వినేవాళ్లు జాలిపడేవారు. ఈ యాప్ సక్సెస్ అయితే అతని ఫైలు మీద సంతకం పెడతానని మంత్రిగారు మాటిచ్చారు.

ట్రయల్‌లో మొదటి ప్రశ్న వచ్చింది: "మా వీధికి మూడు వారాలుగా నీళ్లు రావడం లేదు, ఎందుకు?" అడిగింది ఎవరో కాదు, ప్రోగ్రామరు భార్యే. ఆవిడ ఒక దినపత్రికలో విలేకరి.

మంత్రిగారు స్క్రీనంతా వెతికారు. "ఇందులో నేనెక్కడున్నానయ్యా?"

"మీరు లేరు సార్. ఇది నీళ్ల గురించి."

"అదే వద్దనేది. ప్రతి ప్రశ్నలోనూ నేనుండాలి. అలాగని ప్రశ్న కొట్టెయ్యకు, సెన్సార్ అంటారు. సెన్సార్ అంటే నాకు ఒళ్లు మంట. ఊరికే కాస్త బాగుచెయ్యి, చాలు."

ప్రోగ్రామరు రెండు రోజులు కుస్తీపట్టి బాగుచేశాడు. ఆవిడ ప్రశ్న స్క్రీను మీద "మీరు మా వీధికి ఎప్పుడొస్తారు సార్?" అని వెలిగింది.

ఇంట్లో అడుగు పెట్టగానే భార్య నిలదీసింది. "నా ప్రశ్నని ఏం చేశావ్?"

"నేనేం చేశాను? సిస్టమ్ చేసింది."

"సిస్టమ్‌ని ఎవరు చేశారు?"

అతనికి సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. రెండు బిందెలు పట్టుకుని పక్క వీధికి నీళ్లకి వెళ్లాడు.

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. నలభైమంది విలేకరులు నలభై ప్రశ్నలు కొట్టారు. ఆస్పత్రుల గురించి అడిగినా, స్కూళ్ల గురించి అడిగినా, స్క్రీను మీదకి వచ్చేసరికి మంత్రిగారి ఓపిక గురించీ ఆరోగ్య రహస్యం గురించీ అడిగినట్టే ఉంది. ఆయన ఒక్కదానికీ తడుముకోలేదు. ఇంత ధైర్యంగా జవాబులిచ్చే నాయకుడు మళ్లీ దొరకడు.

ప్రోగ్రామరు మంత్రిగారి పీఏ చెవిలో గొణిగాడు. "నా ఫైలు సంగతి..."

"నన్నడిగితే ఎలా? ఏ ప్రశ్నయినా యాప్‌లోనే. రూలు నీకూ రూలే."

చేసేదిలేక ఫోన్ తీసి, "నా ఉద్యోగం పర్మనెంటు ఎప్పుడు చేస్తారు సార్?" అని కొట్టాడు. తాను చేసిన యాప్ తన మాట కూడా వినదని ఆ కంగారులో అతనికి తట్టలేదు. స్క్రీను మీద ఇంతింత అక్షరాలతో, "మీరు పర్మనెంటుగా పెద్ద పదవిలోకి ఎప్పుడొస్తారు సార్?" అని పడింది.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "ప్రజలు కోరితే కాదంటానా? పార్టీలో పెద్దాయనకీ వయసైపోయింది. ఎన్నాళ్లని ఆ బరువు మోస్తారు?"

పత్రికలకు స్వేచ్ఛ ఉంది కాబట్టి మర్నాడు పొల్లు పోకుండా వేశాయి. పెద్దాయన కాఫీ తాగుతూ చదివారు. ఆ కాఫీ చల్లారేలోపే మంత్రిగారు మాజీ అయిపోయారు.

కొత్త మంత్రిగారు వచ్చీ రాగానే యాప్ చూసి ముచ్చటపడ్డారు. ప్రోగ్రామరుని ఫైలుతో సహా పిలిపించి, జేబులోంచి పెన్ను తీశారు.

"భేషుగ్గా ఉందయ్యా. ఇందులో ఆయన పేరూ ఫోటో పీకేసి నావి పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

నాలుగేళ్లలో తన పనితనం గురించి ఒకరు అడగడం అదే మొదలు. ప్రోగ్రామరు ఛాతీ విరుచుకున్నాడు. "రెండు నిమిషాలు చాలు సార్."

మంత్రిగారు పెన్నుకి మూత పెట్టారు.

"రెండు నిమిషాల పనికి పర్మనెంటు ఎందుకయ్యా?"